ఉద్యోగం పోయాక ఏ తలుపు ముందు తట్టాలి: గోదావరి జిల్లాల వాళ్ల కోసం ఒక పోలిక

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో ఆరేళ్లు క్వాలిటీ సెక్షన్‌లో పనిచేశాను. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ తర్వాత మా దగ్గర కంటైనర్లు తగ్గాయి, షిఫ్టులు తగ్గాయి. ఒకరోజు సాయంత్రం ఆఫీసు గదిలోకి పిలిచి, "రాజీనామా రాసిచ్చెయ్యండి, మీకే మంచిది. సీజన్ మొదలవగానే మళ్లీ మిమ్మల్నే పిలుస్తాం" అన్నారు. తెల్ల కాగితం, పెన్ను వాళ్లే ఇచ్చారు. నేను రాసిచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్పాక వారం రోజులు సలహాలే సలహాలు. పీఎఫ్ మొత్తం తీసెయ్యమని ఒకరు, బంగారం పెట్టమని ఇంకొకరు, చెరువు లీజుకి తీసుకోమని మా బావ, కువైట్‌లో తెలిసినవాళ్లు ఉన్నారని పక్కింటివాళ్లు. ఎవరి సలహానూ తప్పనను. ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి పనికొచ్చేదే. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను ఆ వరస తెలుసుకునేసరికి మూడు నెలలు గడిచిపోయాయి. ఆ వరస మీకు మొదటి వారంలోనే తెలియాలని ఇది రాస్తున్నాను.

నేను పెట్టుకున్న లెక్క ఇది. గడువు దాటితే చేజారిపోయేవాటిని ముందు చూసుకోవాలి. ఎప్పుడు అడిగినా వచ్చేవి తర్వాత. ఒకసారి ఖర్చయితే మళ్లీ కూడబెట్టడం కష్టమైనవి అన్నిటికన్నా చివర. మనం సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తాం. చేతికి తొందరగా అందుతుందని ముందు పీఎఫ్, బంగారం మీద పడతాం.

రాజీనామానా, తొలగింపా?

మిగతా పోలికలన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇది. మీ ఉద్యోగం నిజంగా ఎలా పోయిందన్నది ఒకటి, కాగితం మీద ఎలా పోయిందన్నది ఇంకొకటి. రేపు ఏ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లినా వాళ్లు చూసేది కాగితమే.

నా జీతం నెలకి 18,000, అందులో బేసిక్ 15,000. పని లేదని కంపెనీయే నన్ను తీసేసినట్టు కాగితం ఇచ్చి ఉంటే చట్టప్రకారం ఒక నెల నోటీసు, లేదా దానికి బదులు నెల జీతం 18,000 ఇవ్వాలి. పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఆరేళ్లకి దాదాపు 54,000 పరిహారం ఇవ్వాలి. దీన్ని రిట్రెంచ్‌మెంటు పరిహారం అంటారు. ఫ్యాక్టరీలో, మిల్లులో కార్మికుడిగా కనీసం ఏడాది పనిచేసినవాళ్లకి ఇది హక్కు. రాజీనామా ఇచ్చినవాళ్లకి ఇందులో ఏదీ రాదు. ఈఎస్ఐ భృతి సంగతి కింద చెబుతాను, అదీ కలిపితే మొదటి ఏడాదిలో నాకు రాగలిగింది లక్షా ఎనభై వేల దాకా ఉంది. ఒక్క సంతకంతో అది ప్రశ్నార్థకం అయింది.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, మాత్రం రాజీనామా చేసినా వస్తుంది. అయిదేళ్లు నిండితే చాలు. చివరి బేసిక్‌ని, డీఏ ఉంటే దాంతో కలిపి, 26తో భాగించి, 15తో హెచ్చవేసి, పనిచేసిన ఏళ్లతో హెచ్చవేయాలి. నాకు 51,923 రూపాయలు వచ్చింది. "రాజీనామా కదా, గ్రాట్యుటీ ఉండదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం, ఫలానా కాలానికి అని కాంట్రాక్టు రాసుకుని చేరినవాళ్లకి ఏడాది పనిచేసినా గ్రాట్యుటీ లెక్క వస్తుంది. ఉద్యోగం ఎలా పోయినా సరే, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలని కూడా అందులోనే ఉంది.

కాబట్టి సంతకం పెట్టమంటే, "ఇంట్లో మాట్లాడి రేపు చెబుతానండి" అని బయటికి రండి. ఆ ఒక్క రోజు అడిగే హక్కు మీకుంది. మరీ బలవంతం చేస్తే, "పని లేదని యాజమాన్యం చెప్పినందువల్ల" అన్న మాట ఆ కాగితంలోనే రాసి, దాన్ని ఫోటో తీసుకోండి.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? నేనూ అదే పరిస్థితిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అంతటితో అయిపోయినట్టు కాదు. మీ టౌనులో లేబర్ ఆఫీసు ఉంటుంది. అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి అర్జీ ఇస్తే రెండు పక్షాలనీ పిలిచి మాట్లాడతారు. మా సెక్షన్‌లో ఒకే రోజు పదకొండు మంది రాజీనామాలు ఇచ్చాం. ఒకే తేదీన, ఒకే మాటలతో పదకొండు రాజీనామాలు ఉండటమే మాకున్న పెద్ద ఆధారం. దానితోపాటు "ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టండి" అని వాట్సాప్‌లో వచ్చిన మెసేజీలు దాచుకున్నాం. మా అర్జీ ఇంకా నడుస్తోంది. లాయరు ఫీజు భయం ఉన్నవాళ్లు 15100 నంబరుకి ఫోన్ చేయండి. అది న్యాయసేవల సంస్థ నంబరు. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఆ జాబితాలో కార్మికులు ఉన్నారని మాలో ఒక్కరికీ తెలియదు.

ఈఎస్ఐలో రెండు దారులు

జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి నెలనెలా ఈఎస్ఐ కోత పడుతుంది. దాన్ని జ్వరాలకి మందులిచ్చే కార్డుగానే చూస్తాం. ఉద్యోగం పోతే అందులోంచి భృతి కూడా వస్తుందని పే స్లిప్పులో ఎక్కడా రాసి ఉండదు.

ఒకటి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులైలో మొదలైంది. మొదట సగటు రోజు జీతంలో 25 శాతం ఇచ్చేవాళ్లు, కోవిడ్ వచ్చాక 2020లో 50 శాతం చేశారు. ఆ పెంపును విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, మీరు దరఖాస్తు పెట్టే రోజుకి ఎంత శాతం ఉందో బ్రాంచి ఆఫీసులో అడగండి. గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారే. నా జీతానికి రోజుకి 300 చొప్పున 27,000 అవుతుంది. రెండేళ్ల పాటు ఈఎస్ఐ పరిధిలో పనిచేసి ఉండాలి, ఉద్యోగం పోవడానికి ముందున్న ఆరునెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి, అంతకు ముందున్న మూడు చందా కాలాల్లో ఒకదానిలోనూ 78 రోజులు ఉండాలి. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత నుంచి అడగొచ్చు. కంపెనీ సంతకం కోసం తిరగక్కర్లేదు, నేరుగా మనమే పెట్టుకోవచ్చు.

రెండోది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఇది 2005 నుంచి ఉంది, దీని గురించి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, మొదటి 12 నెలలు సగటు జీతంలో సగం, తర్వాతి 12 నెలలు పావు వంతు వస్తుంది. కనీసం రెండేళ్ల చందా ఉండాలి. రోజుకి 300 అంటే మొదటి ఏడాదికి 1,09,500. మధ్యలో వేరే ఉద్యోగం దొరికితే ఆగిపోతుంది. ఆ కాలంలో కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా నడుస్తుంది.

రెంటినీ పక్కపక్కన పెడితే రెండోదే ఎన్నో రెట్లు పెద్దది. కానీ మూసివేత, రిట్రెంచ్‌మెంటు అని రుజువు చూపించే కాగితం ఉన్నవాళ్లే దాన్ని అందుకోగలరు. మొదటిది కొంచెం సులువు, అయితే స్వచ్ఛందంగా రిటైర్ అయినవాళ్లకి, క్రమశిక్షణ చర్య కింద పోయినవాళ్లకి అదీ రాదు. అందుకే రాజీనామా కాగితం గురించి అంతలా చెప్పాను. చేతిలో తొలగింపు కాగితం ఉంటే రెండో దానికే వెళ్లండి. తొంభై రోజుల భృతి తొందరగా వస్తుందని మొదటిదానితో సరిపెట్టుకోకండి, ఒకే కాలానికి రెండూ ఇవ్వరు.

వైద్యం విషయంలో ఇంకో మాట. ఉద్యోగం పోయిన రోజే ఈఎస్ఐ కార్డు చెల్లకుండా పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య 78 రోజులు చందా పడి ఉంటే వచ్చే ఏడాది జూన్ ఆఖరుదాకా, అక్టోబరు నుంచి మార్చి మధ్య పడి ఉంటే డిసెంబరు ఆఖరుదాకా వైద్యం దొరుకుతుంది. మా అమ్మకి షుగర్ మందులు నేను మూడు నెలలు బయట కొన్నాను. అవసరం లేకుండా పెట్టిన ఖర్చు అది.

ఈఎస్ఐ పరిధిలో లేనివాళ్లు, గడువు అయిపోయినవాళ్లు గ్రామ సచివాలయంలో బియ్యం కార్డు సంగతి చూసుకోవాలి. ఇంటి ఆదాయం నెలకి పల్లెలో 10,000, పట్టణంలో 12,000 లోపు ఉండటం, కారు లేకపోవడం, నెల సగటు కరెంటు 300 యూనిట్లు దాటకపోవడం లాంటి షరతులు ఉన్నాయి. జీతం ఉన్నప్పుడు రానిది ఇప్పుడు రావచ్చు. పిల్లల చదువుకి ఇచ్చే 'తల్లికి వందనం' లాంటి పథకాలకి ఆ కార్డు అవసరం పడుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఆరోగ్యశ్రీ అని అలవాటుగా పిలిచేది, మీ కుటుంబం పేరు అందులో ఉందో లేదో అక్కడే చూస్తారు. ఆస్పత్రి అవసరం వచ్చాక కాకుండా ఇప్పుడే వెళ్లి చూపించుకోండి.

పీఎఫ్: ఎంత తీయాలి, ఎంత ఉంచాలి

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు.

బేసిక్ 15,000 ఉంటే మన వాటా నెలకి 1,800 కట్ అవుతుంది. కంపెనీ వాటా 1,800లో 1,250 పెన్షన్ ఖాతాకి పోయి 550 పీఎఫ్‌లో పడుతుంది. అంటే నెలకి 2,350. ఆరేళ్లలో నావి వడ్డీ కాకుండానే లక్షా డెబ్బై వేల దాకా ఉన్నాయి. 2024-25కి ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. మన ఊళ్లో ఏ బ్యాంకు డిపాజిట్టుకీ అంత రావడం లేదు.

ఎన్నో ఏళ్లుగా ఉన్న నియమం ఏమిటంటే, ఉద్యోగం పోయిన నెలకి 75 శాతం, రెండు నెలలకి మొత్తం తీసుకోవచ్చు. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది. దాని ప్రకారం 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం 12 నెలల నిరుద్యోగం తర్వాత. పెన్షన్ డబ్బు తీసుకోవాలంటే 36 నెలలు ఆగాలి. మీరు క్లెయిమ్ పెట్టే రోజుకి మీకెంత వస్తుందో ఉమంగ్ యాప్‌లోనే కనిపిస్తుంది.

ఈ మార్పు విని చాలామంది కోప్పడ్డారు. నా డబ్బు నాకు ఇవ్వడానికి ఏడాది ఏమిటని మా వాళ్లూ అన్నారు. అత్యవసరంలో ఉన్న మనిషికి ఆ కోపం న్యాయమైనదే. కానీ నా సొంత లెక్కలో చూస్తే, మొత్తం తీసుకున్నవాళ్లకన్నా అవసరమైనంత తీసుకున్నవాళ్లే ఇప్పుడు నిలబడి ఉన్నారు. మా సెక్షన్‌లో మొత్తం తీసినవాళ్లలో ఇద్దరు ఆ డబ్బుతో పాత అప్పులు తీర్చారు, అది మంచి పనే. ఇంకొకరు బైక్ కొన్నారు. రెండో నెలకి కిరాణా బాకీ పడ్డారు.

మొత్తం సర్వీసు అయిదేళ్లు నిండకుండా 50,000కి మించి తీస్తే పాన్ ఉన్నా 10 శాతం పన్ను పట్టుకుని ఇస్తారు. పాత కంపెనీ పీఎఫ్‌ని కొత్తదానికి బదిలీ చేసుకుని ఉంటే ఆ ఏళ్లూ కలుస్తాయి. నాలుగేళ్ల పైచిలుకు ఉన్నవాళ్లు ఇది చూసుకోకుండా క్లెయిమ్ పెట్టకూడదు. కంపెనీ మూతపడటం లాంటి మన చేతిలో లేని కారణంతో ఉద్యోగం పోతే ఆ పన్ను ఉండదు. అక్కడ కూడా కాగితమే మాట్లాడుతుంది.

పెన్షన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకి నెలనెలా పెన్షన్ వస్తుంది, కనీసం వెయ్యి రూపాయలైనా. ఏడెనిమిదేళ్లు చేసినవాళ్లు ఆ డబ్బు తీసేసుకుంటే ఆ ఏళ్లు అక్కడితో పోతాయి. తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే తర్వాత ఎక్కడ చేరినా పాత ఏళ్లు కలుస్తాయి. మూడేళ్లే చేసి, ఇక సొంత వ్యాపారమే అనుకునేవాళ్లు తీసుకోవచ్చు. అయిదేళ్లు దాటినవాళ్లయితే సర్టిఫికెట్టే మేలని నా అభిప్రాయం.

క్లెయిమ్‌కి అడ్డం పడేది సాధారణంగా చిన్న విషయం. కంపెనీ మన చివరి తేదీ నమోదు చేయదు. చివరి చందా పడి రెండు నెలలైతే పీఎఫ్ పోర్టల్‌లో మనమే ఆ తేదీ వేసుకోవచ్చు. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు ఒకేలా ఉందా, ఇంటిపేరు పూర్తిగా ఉందా, బ్యాంకు ఖాతా అతికించి ఉందా అన్నవి ఉద్యోగం ఉన్నప్పుడే సరిచూసుకోవడం సులువు. అవతల హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తని రోజున అదే పెద్ద పని అవుతుంది. ఎక్కడా తెగకపోతే రాజమహేంద్రవరంలో పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది, కాగితాలు పట్టుకుని స్వయంగా వెళ్లండి.

ఈ నెల గడవాలంటే

పై డబ్బులు చేతికి రావడానికి నెలో, రెండు నెలలో పడుతుంది. ఈలోపు బియ్యం, పాలు, స్కూలు ఆటో, ఈఎంఐ ఆగవు. ఇక్కడ ఎంచుకోవాల్సింది ఏ అప్పు తక్కువ నష్టం అన్నదే.

బంగారం పెట్టాల్సి వస్తే బ్యాంకులో పెట్టండి. మన వైపు తాకట్టు కొట్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మామూలుగా అనిపిస్తుంది. అది ఏడాదికి 24 శాతం. లక్షకి నెలకి రెండు వేలు. బ్యాంకులో ఏడాదికి పది శాతం అటూఇటూ అనుకుంటే నెలకి ఎనిమిది తొమ్మిది వందలు. తాకట్టు కొట్టులో అరగంటలో డబ్బు వస్తుంది, బ్యాంకులో ఒక పూట పడుతుంది. ఆ పూట వెచ్చించండి. ఫైనాన్స్ కంపెనీలు ఈ రెండిటికీ మధ్యలో ఉంటాయి. అక్కడ గ్రాముకి ఎంత ఇస్తారన్నదాని కన్నా, వడ్డీ ఆలస్యమైతే ఏ రేటుకి పెరుగుతుందన్నది అడగాలి.

ఇంట్లో ఆడవాళ్లు డ్వాక్రా గ్రూపులో ఉంటే ఆ లోను చవకైనది. కానీ అది గ్రూపు మొత్తం పూచీ మీద వచ్చేది. మీ వాయిదా ఆగితే మీ వదినో, పక్కింటి పిన్నిగారో కట్టాల్సి వస్తుంది. నెలకి ఎంతో కొంత రాబడి ఖాయమయ్యాకే దాని జోలికి వెళ్లాలి. చిట్టీ నడుస్తుంటే పాట తగ్గే నెలదాకా ఆగగలిగితే ఆగండి.

బ్యాంకు ఈఎంఐ ఉన్నవాళ్లు వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్లి, ఉద్యోగం పోయిన కాగితం చూపించి, గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగాలి. మూడు వాయిదాలు తప్పాక అడిగితే వినే ఓపిక వాళ్లకీ ఉండదు.

ఫోన్‌లో అయిదు నిమిషాల్లో లోను ఇచ్చే యాప్‌ల జోలికి వెళ్లకండి. దీనికి పోలిక కూడా పెట్టను. ఇప్పటికే చిక్కుకుని బెదిరింపులు వస్తుంటే 1930కి ఫోన్ చేయండి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. ఇంట్లో దాచకండి.

చేతికి దొరికిన పనా, చదివిన పనా

నిరుద్యోగ భృతి గురించి చాలామంది అడుగుతున్నారు. 2018లో మన రాష్ట్రంలో యువనేస్తం పేరుతో డిగ్రీ చదివిన నిరుద్యోగులకి ఇచ్చారు, తర్వాతి ఏడాది ఆగిపోయింది. మళ్లీ ఖాతాలో పడేదాకా ఇంటి లెక్కలో దాన్ని వేసుకోకండి.

పల్లెలో ఉన్నవాళ్లకి ఉపాధి హామీ పని ఉంది. 2025-26కి మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో కొత్త చట్టం చేసి, పని రోజుల్ని వంద నుంచి 125కి పెంచింది. వ్యవసాయ పనులు జోరుగా ఉండే రోజుల్లో 60 రోజుల దాకా ఈ పని ఆపవచ్చని కూడా అందులో ఉంది. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండే మన డెల్టాలో ఇది గుర్తుంచుకోవాలి. జాబ్ కార్డులో పేరు లేకపోతే ఇప్పుడే చేర్పించుకోండి. డిగ్రీ చదివి కాలువ పూడిక పనికి వెళ్లడమా అని మొహమాటపడేవాళ్లని చూశాను. వేసవిలో కాలువలు కట్టేశాక మా తమ్ముడు బీకాం చదివి వెళ్లాడు. ఆ డబ్బుతోనే వాళ్ల పాపకి స్కూలు పుస్తకాలు కొన్నాడు.

కడియం నర్సరీల్లో, అంబాజీపేట కొబ్బరి కొట్లలో, రొయ్యల పట్టుబడుల దగ్గర రోజు కూలి దొరుకుతుంది. ఈ పనులకీ కొత్త ఉద్యోగం వెతకడానికీ పోటీ పెట్టకండి. వారంలో నాలుగు రోజులు కూలికి, రెండు రోజులు వెతుకులాటకి అని పంచుకుంటే రెండూ సాగుతాయి. పూర్తిగా కూలికి వెళ్లిపోతే ఒంట్లో ఓపిక ఉండక ఇంటర్వ్యూలకి వెళ్లలేం. పూర్తిగా వెతుకుతూ కూర్చుంటే రెండో నెలకి టెన్షన్‌తో దొరికిన మొదటి తక్కువ జీతానికి తల ఊపేస్తాం.

వెతకడంలో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్ మేళాలు, జిల్లా ఉపాధి కార్యాలయం, ఇవన్నీ ఉచితం. మేళాకి వెళ్తే ఆఫర్ లెటర్ చేతిలో పెట్టినంత మాత్రాన సంబరపడకండి. ఊరు ఏది, చేతికి వచ్చే జీతం ఎంత, వసతి ఎవరిదన్నవి అక్కడే అడగండి. శ్రీసిటీలో పదిహేను వేలు వచ్చి గదికి, తిండికి ఎనిమిది వేలు పోతే, పాలకొల్లులో ఇంట్లో ఉండి పది వేలు సంపాదించడమే నయం. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అని ముందు డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు.

సొంతంగా ఏదైనా పెట్టాలనుకుంటే

ఇక్కడ మూడు దారుల్ని పోల్చి చూశాను.

చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్రా లోను పూచీకత్తు లేకుండా వస్తుంది. శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా. సబ్సిడీ ఉండదు, మొత్తం మనమే కట్టాలి. పీఎంఈజీపీలో, అంటే సొంత యూనిట్ పెట్టుకునేవాళ్ల కోసం ఉన్న కేంద్ర పథకంలో, సబ్సిడీ ఉంది. పల్లెలో జనరల్ వాళ్లకి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు మొదలైనవాళ్లకి 35 శాతం. అయిదు లక్షల యూనిట్‌కి జనరల్ వాళ్లు 50,000 సొంతంగా పెట్టాలి, మిగతావాళ్లు 25,000. లక్షా పాతిక వేలు, లేదా లక్షా డెబ్బై అయిదు వేల సబ్సిడీ చేతికి ఇవ్వరు. బ్యాంకులో మీ పేరున మూడేళ్లు ఉంచి, యూనిట్ నడుస్తుంటేనే లోనులో సర్దుతారు. సబ్సిడీ కోసం పెట్టి ఆర్నెల్లలో మూసేద్దామనుకునేవాళ్లకి అది పనికిరాదు. ఆ పథకానికి 2025-26 వరకు ఆమోదం ఇచ్చారు కాబట్టి, కొనసాగింపు ఎలా ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి మొదలుపెట్టండి.

మూడోది అప్పు కాదు, శిక్షణ. బ్యాంకులు నడిపే ఆర్‌సెటి కేంద్రాల్లో సెల్ ఫోన్ రిపేరు, ఏసీ మెకానిక్, టైలరింగ్, బేకరీ లాంటివి భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పుతారు. నన్నడిగితే లోనుకి ముందు దీనికి వెళ్లాలి. చేయి తిరిగిన పని ఉంటే చిన్న లోను చాలు. పని రాకుండా పెద్ద లోను తీసుకుంటే వడ్డీకే పనిచేస్తాం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి ఆడవాళ్ల దగ్గరున్నది కుండ మీద రేకు తీసే చేయి. అది ఏ లోనుతోనూ రాదు.

చెరువు లీజు గురించి మా బావతో గొడవ పడ్డాను, ప్రేమగానే. ప్లాంటులో పనిచేశాం కదా, రొయ్య తెలుసు అనుకుంటాం. కిలోకి ఎన్ని రొయ్యలని కౌంట్ చూడటం వేరు, చెరువులో వనామీ రొయ్యని వంద రోజులు బతికించడం వేరు. లీజు, సీడు, మేత, ఏరేటర్ల కరెంటు అన్నీ ముందే పెట్టాలి, రేటు మాత్రం రొయ్యలు పట్టే రోజున తెలుస్తుంది. తెల్లమచ్చ తెగులు వచ్చిందంటే మూడు నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ. మీ ఉద్యోగం పోవడానికి రొయ్యల మార్కెట్టే కారణమైతే, మిగిలిన డబ్బునీ అదే మార్కెట్లో పెట్టడం నాకు భయం కలిగిస్తుంది. సొంత చెరువు, అనుభవం ఉన్న అన్నదమ్ములు ఉంటే అది వేరే మాట.

గల్ఫ్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి

కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు గల్ఫ్ డబ్బుతోనే ఇళ్లు కట్టుకున్నాయి. వెళ్లవద్దని ఎవరికీ చెప్పను. కానీ ఉద్యోగం పోయిన మొదటి నెలలో, మనసు బాగోలేనప్పుడు ఆ నిర్ణయం తీసుకోకండి. ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30,000, దాని మీద జీఎస్టీ మాత్రమే. లక్షా, లక్షన్నర అడిగితే వదిలెయ్యండి. వెళ్లేముందు ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి, రెండేళ్లకి 275 రూపాయలు, పది లక్షల బీమా. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే ఒప్పుకోకండి. కంబోడియా వైపు డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి, మన కుర్రాళ్ల చేత సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

నా సంగతి చెప్పాలి. గ్రాట్యుటీతో ఆరు నెలలు ఇల్లు గడిపాం. పీఎఫ్‌లో సగమే తీశాను. రెండో నెలలో నిద్ర పట్టక, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఉన్నప్పుడు మా ఆవిడే 14416కి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. టెలీమానస్ అని ప్రభుత్వం నడిపేది, డబ్బు ఏమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ఇరవై నిమిషాలు మాట్లాడాను, ఆ రాత్రి పడుకున్నాను. ఇప్పుడు మా ఊరి దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో చెరువు నీళ్లు పరీక్ష చేసే పని, పూట పని, పాత జీతంలో సగం. సొంతంగా అలాంటి ల్యాబ్ పెట్టడానికి కిశోర్ లోను అడగాలా, పీఎంఈజీపీకి వెళ్లాలా అని మా ఆవిడా నేనూ రోజూ లెక్క వేస్తున్నాం. ఆవిడ పేరున పెడితే సబ్సిడీ 35 శాతం వస్తుంది, కానీ బ్యాంకు వాళ్లు అడిగితే పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ గురించి తనే చెప్పాలి. అందుకని సాయంత్రాలు తను ల్యాబ్‌కి వచ్చి నా పక్కన నిలబడి నేర్చుకుంటోంది.